ప్రకటన వాళ్లది, అప్పు మనది, కేసూ మనదే!

జూదం మీద రాస్తున్నానంటే మన సంఘం కార్యకర్తలే కొందరు ముఖం చిట్లించారు. "దాడులున్నాయి, అసైన్డు భూముల గొడవలున్నాయి, హాస్టళ్లలో పిల్లలకు సరైన తిండి లేదు. ఇన్ని పెట్టుకుని పేకాట గురించి పత్రికలో రెండు పేజీలా మాస్టారూ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పే ముందు నేనూ కొన్ని అడుగుతాను. ఉద్యమం చేసి తెచ్చుకున్న పట్టా కాయితం ఈ రోజు ఎక్కడుంది? పెట్టెలో ఉందా, తాకట్టులో ఉందా? డ్వాక్రా గ్రూపులో అమ్మ తెచ్చిన అప్పు గేదె అయిందా, కొడుకు ఫోనులోంచి ఎగిరిపోయిందా? ఉపకారవేతనం ఖాతాలో పడ్డ రోజు సాయంత్రానికి అందులో ఎంత మిగులుతోంది? ఈ ప్రశ్నలకు తలవంచుకుని జవాబు చెప్పాల్సిన ఇల్లు ప్రతి పల్లెలోనూ ఒకటుంది. పోరాడి సంపాదించుకున్నది ఫోను గుండా పోతుంటే అది ఉద్యమం సమస్య కాకుండా ఎట్లా పోతుంది?

ఆడేవాడి గుణగణాల మీద ఉపన్యాసం చెప్పడానికి నేను కూర్చోలేదు. ఆ ఉపన్యాసం పెద్దకులాలవాళ్లు తరతరాలుగా మనకు చెబుతూనే ఉన్నారు. "తాగుతారు, ఆడతారు, అందుకే బాగుపడరు" అని. నేను మాట్లాడేది పిలిచినవాడి గురించి. రా, ఆడు, గెలువు, కోటీశ్వరుడివి కా అని రాత్రీ పగలూ పిలుస్తున్న ప్రకటన గురించి. ఆ పిలిచినవాడి మీద ఎవరికి చెప్పుకోవాలి, చెబితే వినే నాథుడు ఉన్నాడా అన్నదాని గురించి.

ఎవరి ఆట నేరం?

మహాభారతంలో ధర్మరాజు రాజ్యాన్ని ఒడ్డాడు, తమ్ముళ్లను ఒడ్డాడు, ఆఖరికి కట్టుకున్న భార్యను ఒడ్డాడు. అయినా ఆయన పేరు ధర్మరాజే! మన పల్లెలో చింతచెట్టు కింద నలుగురు కూలీలు యాభై యాభై పెట్టుకుని కూర్చుంటే జీపు వస్తుంది. చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్తారు. మర్నాడు పేపర్లో 'పేకాటరాయుళ్ల అరెస్టు' అని పడుతుంది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరులు కట్టి, షామియానాలు వేసి, లైట్లు పెట్టి కోడిపందేలు ఆడతారు. కోర్టులు వద్దన్నా ఆడతారు. ప్రజాప్రతినిధులే వచ్చి కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. దాని పేరు సంప్రదాయం.

1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని కోర్టు చెప్పింది. మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టం ఆట అని అదే తీర్పులో చెప్పింది. 1996లో గుర్రప్పందేలకూ నైపుణ్యం ముద్ర పడింది. న్యాయమూర్తులు ఆట స్వభావం చూసి చెప్పి ఉండొచ్చు. ఆచరణలో ఏమైంది? పదమూడు ముక్కలు ఏసీ గదిలో, గుర్రాలు మలక్‌పేట మైదానంలో, మూడు ముక్కలు పోలీస్ స్టేషన్లో!

ఆ 'నైపుణ్యం' అన్న ఒక్క మాటను గొడుగులా పట్టుకుని ఆన్‌లైన్ కంపెనీలు ఇంటింటికీ వచ్చాయి. అప్పుడు ప్రభుత్వాలు కదిలాయి. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2020 అక్టోబరులో అప్పటి ఆంధ్ర ముఖ్యమంత్రి 132 వెబ్‌సైట్లు, యాప్‌లను ఆపేయమని కేంద్రానికి ఉత్తరం కూడా రాశారు. సంతోషం. అయితే ఆ నిషేధం ఉన్న రోజుల్లోనే మన ఇళ్లలో టీవీ పెడితే ఏం వచ్చింది? ఓవరు ఓవరుకీ మధ్య ఆ ఆటల ప్రకటనలే వచ్చాయి. చివర్లో చీమ తలకాయంత అక్షరాలతో 'ఫలానా ఫలానా రాష్ట్రాల వారికి ఈ ఆట లేదు' అని ఒక ముక్క. ఆట మన రాష్ట్రంలో లేదట, ప్రకటన మాత్రం ఉందట! సారా దుకాణం మూసేసి గుమ్మం ముందు వాసన మాత్రం వదిలినట్టు.

ప్రకటనలో మన మొహం

ఈ ప్రకటనలను శ్రద్ధగా చూడండి. బంగారం ప్రకటనలో మనం కనపడం. కారు ప్రకటనలో మనం కనపడం. జూదం ప్రకటనలో మాత్రం ఆటో నడిపే అన్న, తాపీమేస్త్రీ, టీకొట్టు పెట్టుకున్న తమ్ముడు, డెలివరీ చేసే కుర్రాడు కనపడతారు. "నిన్నటి దాకా నేనూ మీలాంటోణ్ణే" అని మన యాసలోనే మాట్లాడతారు. సినిమాలో మనకు హీరో వేషం ఇవ్వనివాళ్లు ఇక్కడ ఇచ్చారు. ఎందుకిచ్చారో అర్థమవుతోందా? ఉద్యోగం రానివాడికి, భూమి లేనివాడికి, ఏ దారీ కనపడనివాడికి ఒక దారి చూపిస్తే చాలు, వాడే నడిచొస్తాడు. రిజర్వేషన్ ఉన్న ఉద్యోగానికి నోటిఫికేషన్ పడదు. కోటి రూపాయల నోటిఫికేషన్ ఫోనులో రోజుకు పదిసార్లు పడుతుంది.

టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద మనవాళ్లు కొట్లాడారు. ఈ వ్యాపారంలో రెండు గ్లాసులు లేవు. మాలవాడి వందా, మాదిగవాడి వందా, కమ్మవారి వందా, రెడ్డిగారి వందా ఒకే సంచిలో పడతాయి. మన మనిషికి అంటు ఉంది కానీ మన డబ్బుకి అంటు లేదు! పోయినప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. రెడ్డిగారి అబ్బాయి లక్ష పోగొట్టుకుంటే ఒక ఎకరం కౌలు డబ్బు పోతుంది. మన కుర్రాడు లక్ష పోగొట్టుకుంటే అప్పుల యాప్‌కి దొరికిపోతాడు. వాళ్లు ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ ఫోన్లు చేసి, ఫొటోలు మార్చి పంపి, మనిషిని ఊళ్లో తలెత్తుకోకుండా చేస్తారు. మా నాన్న తరం ఆసామి ముందు కూర్చుని ప్రోనోటు మీద బొటనవేలి ముద్ర వేసింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది కాబట్టి నేను సంతకం నేర్చుకున్నాను. ఈ తరం చదువుకుని కూడా అదే బొటనవేలితో గాజుపలక మీద నొక్కుతోంది. ప్రోనోటులోనైనా వడ్డీ ఎంతో ఆసామి నోటితో చెప్పేవాడు.

ఇక పిల్లల సంగతి. నేను చెప్పే తొమ్మిదో తరగతిలో పిల్లలకు పద్యం అప్పజెప్పమంటే తడుముకుంటారు. ప్రకటన చివర్లో గుక్కతిప్పుకోకుండా చదివే హెచ్చరిక మాత్రం అంతే వేగంగా అప్పజెప్పి నవ్వుకుంటారు. 'ఈ ఆటలో ఆర్థిక నష్టం ఉండొచ్చు, వ్యసనం కావచ్చు' అన్న మాట వాళ్లకు హెచ్చరిక కాదు, నోరు తిరగడానికి ఒక ఆట. ఆ మాటను అంత వేగంగా చదివించినవాడు కూడా అదే కోరుకున్నాడు.

కావలివాడు ఎవరు?

ప్రకటనల మీద నిఘా పెట్టడానికి ముంబైలో 1985 నుంచి ఒక సంస్థ ఉంది. పేరు అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఇది ప్రభుత్వ ఆఫీసు కాదు. ప్రకటనలిచ్చే కంపెనీలు, వాటిని తయారుచేసే ఏజెన్సీలు, వేసే పత్రికలు, టీవీలు కలిసి తమను తాము అదుపు చేసుకోవడానికి పెట్టుకున్నది. ఈ సంస్థ 2020 డిసెంబరు 15 నుంచి డబ్బు ఆటల ప్రకటనలకు కొన్ని నియమాలు పెట్టింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఆడుతున్నట్టు చూపకూడదు. హెచ్చరిక అచ్చు ప్రకటనలో అయిదో వంతు జాగాకు తగ్గకూడదు. చదివే హెచ్చరిక మామూలు మాట వేగంతో, ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. ఆటను సంపాదన మార్గంగా, ఉద్యోగానికి బదులుగా చూపకూడదు. ఆడేవాడు ఆడనివాడి కంటే గొప్పవాడని చెప్పకూడదు.

చదివితే బాగానే ఉంది కదా! పైన నేను చెప్పిన ఆటో అన్న, మేస్త్రీ ప్రకటనలను ఈ నియమాల పక్కన పెట్టి చూడండి. ఎన్ని నిలబడతాయి? తప్పు పట్టుకుంటే ఈ కౌన్సిల్ ఏం చేయగలదు? మార్చు, తీసెయ్ అని చెప్పగలదు. టీవీ ప్రకటన అయితే కేబుల్ టీవీ నిబంధనల్లో ఒక ఆసరా ఉంది. కౌన్సిల్ నియమావళికి విరుద్ధమైన ప్రకటన కేబుల్లో వేయకూడదని అందులో రాసి ఉంది. జైల్లో పెట్టే అధికారం, జరిమానా వేసే అధికారం మాత్రం దీనికి లేదు. తీర్పు వచ్చేసరికి క్రికెట్ సీజను అయిపోతుంది, ప్రకటన పని అది చేసుకుపోతుంది. దొంగ చేతికి తాళాలిచ్చారని నేను అనను. ఆ సంస్థ పని కొంత చేస్తోంది. 2024-25లో తాను విచారించిన ఏడు వేల పైచిలుకు ప్రకటనల్లో నూటికి నలభైకి మించి అక్రమ బెట్టింగ్ ప్రకటనలేనని అదే లెక్క చెప్పింది. పట్టుకున్నవాటిలోనే ఇన్నుంటే పట్టుకోనివి ఎన్నో మీరే ఊహించుకోండి. తాళం ఉంది, కాపలా కర్ర లేదు, అదీ సంగతి.

కర్ర ఉన్నది ప్రభుత్వం చేతిలో. కేంద్ర సమాచార ప్రసార శాఖ 2020 డిసెంబరులో, 2022 జూన్‌లో, మళ్లీ అక్టోబరులో, 2023లో, 2024లో సలహా ఉత్తరాలు పంపుతూనే వచ్చింది. బెట్టింగ్ ప్రకటనలు వేయకండి అని. 2022 అక్టోబరు ఉత్తరంలో ఫెయిర్‌ప్లే, పారీమ్యాచ్, బెట్‌వే, వన్ఎక్స్‌బెట్ లాంటి పేర్లు కూడా రాసింది. ఈ కంపెనీలు వార్తల వెబ్‌సైట్ల వేషంలో దొంగచాటు ప్రకటనలు ఇస్తున్నాయని చెప్పింది. విస్కీ కంపెనీ సోడా బొమ్మ పెట్టి విస్కీ అమ్మినట్టే ఇది. పేదవాడు తప్పు చేస్తే లాఠీ, కంపెనీ తప్పు చేస్తే సలహా ఉత్తరం! ఏ రాజ్యాంగంలో ఉంది ఈ పద్ధతి?

సినిమావాళ్ల సంగతి

2025 మార్చిలో హైదరాబాదులో ఒక మామూలు పౌరుడి ఫిర్యాదు మీద పోలీసులు పేరున్న సినిమా నటులు, యూట్యూబర్లు పాతికమంది మీద కేసు పెట్టారు. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద గట్టిగా మాట్లాడటం కూడా దీనికి ఊపునిచ్చింది. ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు. తర్వాత ఈడీ కూడా దిగింది. నటుల్లో కొందరు మేం ప్రచారం చేసింది నైపుణ్యం ఆటలకే, ఒప్పందం ఎప్పుడో అయిపోయింది అని వివరణ ఇచ్చారు. నిజం తేల్చాల్సింది కోర్టు. నేను ఎవరినీ దోషి అనడం లేదు. నాకు ఇందులో కావలసిన పాఠం ఒకటే. ఒక పౌరుడు కాయితం రాసిస్తే ఇంత కదిలింది. మరి మన పల్లెల నుంచి అలాంటి కాయితం ఒక్కటీ ఎందుకు వెళ్లలేదు?

భయం! ఆంధ్రప్రదేశ్ 2020 సవరణలో ఆడించినవాడికి మొదటిసారి ఏడాది దాకా జైలు అన్నారు, ఆడినవాడికి ఆరు నెలల దాకా అన్నారు. ఆడించినవాడు ఎక్కడో విదేశంలో ఉంటాడు, వాణ్ణి పట్టుకునేదెవరు? ఆడినవాడు మన పల్లెలో దొరుకుతాడు. డబ్బు పోయిందని స్టేషనుకి వెళ్తే "అయితే నువ్వు ఆడావన్నమాట" అంటాడు రైటరు. మన పేటంటే ముందే అనుమానం. అందుకే కుర్రాడు చెప్పడు, తల్లిదండ్రులు చెప్పరు. చెప్పలేక, కట్టలేక ప్రాణం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. కాగితం మీద ఫిర్యాదులు తక్కువ కాబట్టి సమస్య లేదని పైవాళ్లు అనుకుంటారు. మన మౌనం వాళ్ల లెక్కల్లో మన అంగీకారం అవుతోంది.

పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 22వ తేదీన రాష్ట్రపతి సంతకం పెట్టారు. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా తీసేసి డబ్బు ఆటలన్నీ నిషేధం అన్నారు. ఆడించినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన ఇచ్చినవాడికి రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఆడినవాణ్ణి బాధితుడిగా చూడాలి, అతనికి శిక్ష లేదు అన్నారు. ఈ ఒక్క మాట కోసం ఆ చట్టాన్ని నేను మెచ్చుకుంటాను. పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి, క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు మారింది. కొన్ని కంపెనీలు కోర్టులకెక్కాయి. హైకోర్టుల్లోని కేసులను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

చట్టం వచ్చింది కదా అని మురిసిపోవద్దు. దేశంలో 45 కోట్ల మంది ఏటా దాదాపు 20 వేల కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారని చట్టం తెచ్చేటప్పుడు ప్రభుత్వమే చెప్పింది. అదే ప్రభుత్వం 2023 అక్టోబరు 1 నుంచి ఆ ఆటల మీద నూటికి 28 రూపాయలు జీఎస్టీ కట్టించుకుంది. పైగా విదేశీ బెట్టింగ్ యాప్‌ల సంగతేంటి? ఒక పేరు మూస్తే పది పేర్లతో పుట్టుకొస్తాయి. టీవీలో దారి మూస్తే టెలిగ్రాం గుంపుల్లో, యూట్యూబ్‌లో, గోడల మీద రాతల్లో దూరతాయి. ఇక్కడ కళ్లు మనవే కావాలి.

బాబాసాహెబ్ ఏమన్నారు?

రాజ్యాంగ సభలో 1949 సెప్టెంబరులో ఈ చర్చ జరిగింది. రాష్ట్రాల అధికారాల జాబితాలో 'పందేలు, జూదం' అన్న అంశం ఉండటాన్ని కొందరు సభ్యులు వ్యతిరేకించారు. జూదం మాట రాజ్యాంగంలో ఉంటే దానికి అనుమతి ఇచ్చినట్టే అని వాళ్ల బాధ. అంబేడ్కర్ జవాబు చెప్పారు. ఆ అంశాన్ని తీసేస్తే జూదం పోదు, దాని మీద అదుపే ఉండకుండా పోతుంది. ఆ అధికారంతో ప్రభుత్వం అనుమతించనూ వచ్చు, నిషేధించనూ వచ్చు అన్నారు. అలా ఆ అంశం రాష్ట్ర జాబితాలో 34వ పద్దుగా నిలిచింది.

ఎంత ముందుచూపు! నీతులు చెప్పి ఊరుకోలేదు ఆయన. అధికారం ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎటు తిప్పుతారు అని చూశారు. మనం అడగాల్సిందీ అదే. అధికారం ఇచ్చి డెబ్భై ఏళ్లు దాటింది. దాన్ని చింతచెట్టు మీదికే ఎందుకు తిప్పారు? ప్రకటన మీదికి ఎందుకు తిప్పలేదు?

దూబగుంట దారి

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు చట్టాలు చదివినవాళ్లు కాదు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ, వాచకంలో ఒక పాఠం చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నడిచారు. కూలినాలి చేసుకునే ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు కూడా. నిషేధం ప్రభుత్వం ఇస్తుంది, ప్రభుత్వమే తీసుకుపోతుంది. కాపలా మనం మానేసిన రోజున అది పోతుంది. సారాప్యాకెట్ చేతికి దొరికేది, తగలబెట్టారు. బెట్టింగ్ యాప్‌ను తగలబెట్టలేం. దాని ప్రకటనను మాత్రం పట్టుకోగలం. వాడి మెడ దొరికేది అక్కడే.

అన్నలారా, అక్కలారా, ఈ పక్షం మీటింగులో ఈ కింది పనులు పెట్టుకోండి.

ఒకటి. ప్రకటన కనపడగానే ఫోనులో ఫొటో తీయండి. తేదీ, టైము, ఏ చానెల్లో, ఏ గుంపులో, ఏ గోడ మీద, ఎవరి బొమ్మతో అన్నది నోటుబుక్కులో రాయండి. చదువుకునే పిల్లల్లో ఇద్దరికి ఈ పని అప్పగించండి.

రెండు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటన మీద ఫిర్యాదును జిల్లా కలెక్టరుకే రాసివ్వొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ముంబై, ఢిల్లీ పోనక్కర్లేదు, ఇంగ్లీషు రానక్కర్లేదు. సోమవారం గ్రీవెన్సుకి, తెలంగాణలో అయితే ప్రజావాణికి, తెల్లకాయితం మీద తెలుగులో రాసి పట్టుకెళ్లండి. రసీదు అడగండి. కలెక్టరు విచారించి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు నివేదిక పంపొచ్చు. ఆ సంస్థ ప్రకటనదారుకి, బొమ్మ ఇచ్చిన నటుడికి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు. సరైన జాగ్రత్త తీసుకోకుండా ప్రచారం చేసిన నటుణ్ణి ఏడాది పాటు ఏ ప్రకటనలోనూ కనపడకుండా ఆపగలదు. 1915 నంబరుకి ఫోను చేసి తెలుగులోనూ చెప్పొచ్చు.

మూడు. ఫిర్యాదు ఒంటరిగా వద్దు. సంఘం పేరు మీద, పదిమంది సంతకాలతో ఇవ్వండి. నేను ఆడాను అని ఎవరూ రాయనక్కర్లేదు. మేం ఈ ప్రకటన చూశాం, మా పిల్లలు చూశారు అని రాస్తే చాలు. చూసినవాడికి ఏ చట్టంలోనూ శిక్ష లేదు.

నాలుగు. ఆడి పోయిన డబ్బు కోర్టులో తిరిగి వస్తుందని ఎవరికీ ఆశ పెట్టకండి. పందెం ఒప్పందం చెల్లదని 1872 నుంచీ చట్టం ఉంది. అయితే మోసపు యాప్ డబ్బు లాగేసిందంటే వెంటనే 1930కి ఫోను చేయించండి. గంటల్లో చెబితే ఆ డబ్బును దారిలో ఆపే వీలుంటుంది. అప్పుల్లో ఉన్న కుర్రాణ్ణి తిట్టకండి. పక్కన కూర్చోండి.

అయిదు. ప్రభుత్వాలను అడగాల్సింది స్పష్టంగా అడగండి. ఆడినవాణ్ణి నేరస్థుణ్ణి చేసే క్లాజును రాష్ట్ర చట్టం నుంచి తీసేయాలి. గ్రామ సచివాలయంలో, పంచాయతీ ఆఫీసులో ప్రకటనల ఫిర్యాదు పుస్తకం పెట్టాలి. కంపెనీల నుంచి వసూలైన జరిమానా నష్టపోయిన పల్లెల్లోని గ్రంథాలయాలకు, రాత్రిబడులకు ఖర్చు పెట్టాలి.

వినియోగదారుడు అన్న మాట మనది కాదని ఇన్నాళ్లూ అనుకున్నాం. షాపులో ఏసీ కింద నిలబడి బిల్లు అడిగేవాడిదే ఆ మాట అనుకున్నాం. కాదు. వాడు మన మొహం పెట్టి మనకే అమ్ముతున్నప్పుడు, ఆ మొహం మాది, మా అనుమతి లేదు అని చెప్పే హక్కు మనదే. నీళ్ల చెరువు కోసం మహాడ్ వెళ్లిన జాతి మనది. కలెక్టరాఫీసు దాకా వెళ్లలేమా?

ఈ సోమవారమే వెళ్దాం. జై భీమ్!